కథ కంచికి వెళ్ళిన తరువాత

కథ కంచికి, మనం ఇంటికి. ఈ మాట చెవిని పడకుండా నిద్రపోయిన పిల్లవాడు నా తరంలో ఉండడు. కథ కంచికే ఎందుకు పోవాలో చెప్పడానికి పెద్దలు రకరకాల కారణాలు కల్పించారు. వాటి జోలికి నేను పోను. నన్ను చాలాకాలంగా తొలుస్తున్న సందేహం వేరు. కథ కంచికి పోయింది, విన్నవాడు ఇంటికి పోయాడు, మరి కథానాయకుడు ఎక్కడికి పోయాడు? ఏడు సముద్రాలు దాటి, చిలుకలో దాచిన ప్రాణాన్ని నులిమి, మాంత్రికుణ్ణి మట్టుపెట్టి, చెరలో ఉన్నవారిని విడిపించినవాడు మరునాడు పొద్దున లేచి, ముఖం కడుక్కొని, ఏం చేశాడు?

మా దేవరకొండ ప్రాంతంలో బాలనాగమ్మ కథను శారదకాండ్రు తెల్లవార్లూ చెప్పగా చిన్ననాట విన్నాను. 1942లో జెమిని వారి చిత్రం వచ్చి ఆ కథను నలుదిక్కులా చాటింది కాని, మా పల్లెలకు దాని పరిచయం అక్కరలేకపోయింది. అందులో మాయల ఫకీరును చంపేది బాలనాగమ్మ కొడుకు బాలవర్ధిరాజు. తల్లిని చెర విడిపిస్తాడు, శిలలై పడివున్న తండ్రికి ప్రాణం పోయిస్తాడు. అప్పటికి వాడు ఎంతవాడు? పేరులోనే ఉన్నది, బాలుడు. నూనూగు మీసమైనా రాని ప్రాయంలోనే జీవితంలోకెల్లా పెద్ద పని పూర్తి చేసి కూర్చున్నాడు. ఇక మిగిలిన యాభై అరవై ఏళ్ళు? పన్నుల లెక్కలు వింటూ, సరిహద్దు తగవులు తీరుస్తూ, పెళ్ళిళ్ళకు వెళ్ళినప్పుడు "ఫకీరును చంపిన పిల్లవాడు ఇతడేనట" అని వెనుకనుంచి వినిపించే గుసగుసలకు తల తిప్పకుండా ఉండడం నేర్చుకుంటూ, నెరిసిన తలతో బాలవర్ధి అనే పేరును మోస్తూ బ్రతికి ఉంటాడు. శారదకాండ్రకు ఈ చింత లేదు. మంగళం పాడి, పొద్దెక్కగానే గింజలు అడగడానికి ఇల్లిల్లూ తిరిగేవారు. కథ చెప్పేవానికి మరునాడు ఉన్నది. కథలోని వానికే లేదు.

పాతాళభైరవి (1951) చూడని తెలుగువారు అరుదు. కాశీమజిలీ కథల ఛాయలో పింగళి నాగేంద్రరావుగారు అల్లిన ఆ కథలో తోటమాలి కొడుకు రాముడు నేపాళ మాంత్రికుణ్ణి గెలిచి ఉజ్జయిని రాజకుమార్తెను చేపడతాడు. ఒక వేసవిలో మా ఇంటికి వచ్చిన ఎనిమిదేళ్ళ మనుమరాలితో కలిసి దాన్ని మళ్ళీ చూశాను. శుభం కార్డు పడ్డాక ఆ పిల్ల అడిగింది కదా, "తాతా, రాముడు రాజుగారింటికి పోతే ఆ తోటకు నీళ్ళెవరు పోస్తారు?" ముప్పైనాలుగేళ్ళు తెలుగు పండితునిగా పనిచేశాను. "నాయకుని గుణగణములను వర్ణింపుము" అన్న ప్రశ్న ఎన్ని వందల పత్రాలలో చూశానో లెక్కలేదు. ఇటువంటి ప్రశ్న ఒక్కదానిలోనూ చూడలేదు. పాటలు పాడుతూ పూలు కోసిన ఆ తోట ఏమైంది? రాజుగారి అల్లునికి చేతికి మట్టి అంటనిస్తారా? రాముని తల్లి అంతఃపురంలో ఏ మూల కూర్చుని, ఎవరితో మాట్లాడి పొద్దుపుచ్చింది?

కాశీమజిలీల మాట వచ్చింది కనుక ఒక ముచ్చట. మధిర సుబ్బన్న దీక్షితులుగారి ఆ మహాగ్రంథంలో మణిసిద్ధుడనే యతి, తన వెంట నడిచే పశులకాపరి కుర్రవానికి మజిలీ మజిలీకి ఒక కథ చెపుతాడు. కథ ముగియగానే జరిగేది ఏమిటి? మూట సర్దుకొని మళ్ళీ నడక. నాయకుడు పట్టాభిషిక్తుడై అక్కడే ఉండిపోతాడు, విన్నవాడు మాత్రం ముందుకు పోతాడు. కాశీ దూరంలో ఉన్నది మరి. దీక్షితులుగారు ఇది ఉద్దేశించి చేసినా చేయకపోయినా, కథలోని వీరుల కంటె ఆ పశులకాపరి మీదనే నాకు మక్కువ ఎక్కువ.

చందమామ చదివి పెరిగినవారికి దాసరి సుబ్రహ్మణ్యంగారి ధారావాహికలను గుర్తు చేయనక్కరలేదు. 1954లో తోకచుక్కతో మొదలుపెట్టి భల్లూక మాంత్రికుని దాకా పన్నెండు. నెలనెలా చిత్రాగారి బొమ్మలతో వచ్చే ఆ పేజీల కోసం మేము పోస్టుమాను వచ్చే దారిలో కాపు కాసేవాళ్ళం. వాటిలో రాతిరథం ముగిశాక ఖడ్గవర్మ, జీవదత్తులు ఇంటికి పోయి స్థిరపడలేదు. యక్షపర్వతంలో మళ్ళీ ప్రత్యక్షమయ్యారు. అప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఇప్పుడు ఆలోచిస్తే, ఒక సాహసం ముగిసిన వీరునికి రచయిత ఇవ్వగలిగిన దయాభిక్ష ఇంకొక సాహసమే కాబోలు అనిపిస్తున్నది. ఉత్తచేతులతో ఇంట్లో కూర్చోబెట్టడం కంటె అది నయం.

ఈ దయాభిక్షకు పరాకాష్ఠ విక్రమార్కుడు. సంస్కృతంలో బేతాళుడు చెప్పే కథలు పాతిక. చివరకు ఆ రాజు కపట భిక్షువును సంహరించి, పని ముగించుకొని పోతాడు. చందమామలో 1955లో మొదలైన బేతాళ కథలకు ఆ ముగింపు లేదు. నెలనెలా మౌనం భంగం కావడం, శవం చెట్టెక్కడం, రాజు మళ్ళీ భుజానికెత్తుకోవడం. అర్ధశతాబ్దం పైబడి ఆ రాజుకు పదవీ విరమణ లేకపోయింది. 2010ల తొలి సంవత్సరాలలో పత్రికే ఆగిపోయింది. ఆ బొమ్మను మన కళ్ళకు శాశ్వతంగా అద్దిన శంకర్‌గారు 2020లో వెళ్ళిపోయారు. రాజు మాత్రం ఇంకా ఆ శ్మశానంలోనే, కత్తి దూసి, భుజాన శవంతో నడుస్తూ ఉండి ఉంటాడు.

దాసరివారి సంగతి ఇంకా చిత్రం. ఇన్ని కోటలు, లోయలు, మాంత్రికులను సృష్టించిన మనిషి పేరు ఆ ధారావాహికల మీద ఉండేది కాదు. 1952లో చందమామలో చేరి 2006 దాకా అక్కడే పనిచేశారు. 2010 జనవరిలో విజయవాడలో కన్నుమూశారు. ఆయన ఎవరో, ఏది ఆయన రాసిందో చాలామంది పాఠకులకు చివరి సంవత్సరాలలో మాత్రమే తెలిసింది. అలా తెలియడంలో మనబోటి అంతర్జాల పాఠకుల పాత్ర కొంత ఉన్నదని చెప్పుకోవడం ఆత్మస్తుతి కాదనుకుంటాను.

ఇక పురాణేతిహాసాల సంగతి. మన పెద్దలకు 'తరువాత' తెలియక కాదు. బాగా తెలుసు. తెలిసే దాటవేశారు. రామాయణ పారాయణం పట్టాభిషేకంతో ముగిస్తాము. భాస్కర రామాయణం, మొల్ల రామాయణం యుద్ధకాండతో ఆగినవే. ఉత్తరకాండను చేపట్టిన తిక్కన సోమయాజి సైతం నిర్వచనోత్తర రామాయణాన్ని పది ఆశ్వాసాలు నడిపి, రామ నిర్యాణం దగ్గరకు వచ్చేసరికి గంటం పక్కన పెట్టాడు. ఆ కడపటి ఘట్టాన్ని తరువాత జయంతి రామభట్టు పూరించవలసి వచ్చింది. సరయూ నది ఒడ్డుదాకా వెళ్ళి లోపలికి దిగలేక నిలబడిపోయిన తిక్కనను ఊహించుకుంటే నాకు ఆయన మీద గౌరవం తగ్గదు సరికదా, పెరుగుతుంది.

అయితే అదే తిక్కన భారతానికి వచ్చేసరికి వెనుదీయలేదు. మౌసల పర్వమూ, మహాప్రస్థానమూ, స్వర్గారోహణమూ అన్నీ రాశాడు. ఉన్నత పాఠశాల తరగతులకు అవి పాఠ్యాంశాలుగా రావు. రాయబారమో, ద్రౌపదీ పరాభవమో వస్తాయి. వాటిలో ఆవేశమున్నది, కంఠస్థం చేయించడానికి పద్యాలున్నవి. మౌసలంలో ఏమున్నది? యుద్ధం ముగిసి 36 ఏళ్ళు గడిచాయి. యాదవులు పరస్పరం కొట్టుకొని నశించారు. కృష్ణుడు వేటగాని బాణానికి ఒరిగిపోయాడు. ద్వారకలో మిగిలిన స్త్రీలను, బాలవృద్ధులను వెంటబెట్టుకొని అర్జునుడు ఇంద్రప్రస్థానికి బయలుదేరాడు. త్రోవలో ఆభీరులు కర్రలు పట్టుకొని అడ్డగించారు. గుర్తుంచుకోండి, కర్రలు. నివాతకవచులను కూల్చినవానికి గాండీవం ఎక్కుపెట్టడమే కష్టమైంది. దివ్యాస్త్రాలు స్ఫురణకు రాలేదు. అక్షయ తూణీరాలలో బాణాలు అయిపోయాయి. కళ్ళముందే ఆడవారిని లాక్కొనిపోయారు, వింటికొనతో కొట్టడం తప్ప ఏమీ చేయలేకపోయాడు. పరుగెత్తి వ్యాసుని ఆశ్రమానికి పోయి విలపిస్తే ఆ ముని చెప్పిన సారాంశం ఇది: నాయనా, ఆ ఆయుధాల పని అయిపోయింది, వచ్చిన చోటికి అవి వెళ్ళిపోయాయి.

అంతటితో అయిపోలేదు. మహాప్రస్థానానికి నారచీరలు కట్టి సర్వమూ విడిచి నడుస్తున్న వేళ కూడా అర్జునుని భుజాన గాండీవం ఉన్నది. ఎక్కుపెట్టలేడు, బాణాలు లేవు, యుద్ధమూ లేదు, అయినా విడువలేదు. ఆ రత్నంలాంటి వస్తువు మీది ఆశ చేత విడువలేదని వ్యాస భారతం మొగమాటం లేకుండా చెపుతుంది. అగ్నిదేవుడు స్వయంగా దారికి అడ్డం నిలిచి, నేను వరుణుని వద్ద అడిగి తెచ్చి ఇచ్చినది, ఇక తిరిగి ఇచ్చెయ్యమంటే తప్ప నీటిలో పడవేయలేదు. ఖాండవ దహనం కంటె, గీతోపదేశం కంటె నాకు ఈ ఘట్టమే ఎక్కువ గుర్తుంటుంది. విశ్రాంత ఉద్యోగులకు పెన్షను కాగితాలతో పాటు మౌసల పర్వం ఒక ప్రతి ఇవ్వాలని పరిహాసానికి అంటూ ఉంటాను. ఎవరూ నవ్వరు.

ఇంటికి పోలేని వీరులకు మన నేల మీద గుహలు ఉన్నాయి. కృష్ణకు ఆవల పల్నాట, కారెంపూడి రణరంగంలో తనవారందరూ కూలిపోయాక బ్రహ్మనాయుడు గుత్తికొండ బిలంలోకి వెళ్ళిపోయాడని ప్రతీతి. చనిపోయాడనరు, వెళ్ళిపోయాడంటారు. ఏటా కార్తికంలో కారెంపూడిలో ఆ వీరుల ఆయుధాలకు పూజ జరుగుతుంది. ఆయుధాలకు ఉత్సవమున్నది, నాయునికి బిలమున్నది. ఈవలి ఒడ్డున రాచకొండ, దేవరకొండలను ఏలిన రేచర్ల పద్మనాయకుల ప్రాభవంతో సంబంధమున్న కుటుంబంలో పుట్టిన గౌరన తన నవనాథ చరిత్రలో సారంగధరుణ్ణి ఇంకొక దారి పట్టించాడు. సవతితల్లి నింద మోపగా కాలుసేతులు పోగొట్టుకున్న రాకుమారుడు మీననాథుని కృప వల్ల వాటిని తిరిగి పొందుతాడు. పొంది సింహాసనం కోసం కోటకు పోడు. చౌరంగి అనే సిద్ధుడవుతాడు. మా కోట కింద నిలబడి శిథిలమైన బురుజులను, వాటి మీద మేస్తున్న మేకలను చూసినప్పుడల్లా సారంగధరుడు మంచి పని చేశాడనే అనుకుంటాను.

గుహకూ పోక, సిద్ధులలోనూ కలవక, బజారులోనే ఉండిపోయిన వీరులు మరికొందరు. వారిని నేను ఎరుగుదును. నల్లగొండ జిల్లాలో పుట్టి సాయుధ పోరాటం ఎరుగనివారు ఉండరు. 1946 జూలైలో కడవెండిలో దొడ్డి కొమురయ్య నేలకొరగడంతో రాజుకొన్నది 1951 అక్టోబరులో విరమణతో ఆగింది. పేరు మోసినవారికి ఆ తరువాత ఒక అధ్యాయమున్నది. రావి నారాయణరెడ్డిగారు 1952 ఎన్నికలలో నల్లగొండ నుంచి నెహ్రూగారి కంటె ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు వెళ్ళారు. పేరులేనివారి సంగతి?

మా మేనమామ దళంలో పనిచేశాడు. ఎన్నాళ్ళు, ఎక్కడ అన్నది మాకెవరికీ పూర్తిగా తెలియదు. నాకు బుద్ధి తెలిసేనాటికి బస్టాండు దగ్గర రేకుల కప్పు కింద సైకిలు దుకాణం నడుపుతున్నాడు. పంచర్లు వేసేవాడు, సైకిళ్ళు గంటల లెక్కన అద్దెకిచ్చేవాడు. ఇంట్లో పడుకొనేవాడు కాదు. వానపడినా సరే, దుకాణం ముందు బల్ల మీద, చెప్పులు తలాపున పెట్టుకొని పడుకొనేవాడు. దూరాన జీపు చప్పుడైతే మాట్లాడుతున్న మాట మధ్యలో ఆగేది, జీపు దాటిపోయాక ఆగినచోటి నుంచే మళ్ళీ మొదలయ్యేది. మా అత్తమ్మకు ఇది అలవాటై, మధ్యలో ఆగిన ఆ క్షణంలో ఏ ఉప్పో చింతపండో కావాలని చెప్పేసేది.

పిల్లలం చుట్టూ చేరి కథ చెప్పమనేవాళ్ళం. చెప్పేవాడు. అమావాస్య చీకటి, జొన్నచేను, వాగు దాటడం, ఊరి కుక్కలు మొరగకుండా జొన్నరొట్టె ముక్కలు విసరడం, గడీ గోడ దగ్గరికి చేరడం. సరిగ్గా అక్కడ ఆపేసేవాడు.

"అటెంక, మామా?"

"అటెంక ఏముందిరా అల్లుడా. తెల్లారింది."

ఎన్నిసార్లు అడిగినా ఇదే సమాధానం. మా వైపు 'తెల్లారింది' అనే మాటకు ఉన్న రెండో అర్థం ఆ వయసులో నాకు తట్టలేదు. ఆయన ఏ అర్థంలో అన్నాడో ఇప్పటికీ చెప్పలేను. బహుశా రెండూ కావచ్చు.

ఒకనాటి మధ్యాహ్నం నేను దుకాణంలో కూర్చుని ఉన్నాను. అప్పుడు తొమ్మిదో తరగతి. గాలిపంపు పనిచేయడం లేదు, లోపలి తోలు వాషరు అరిగిపోయింది. మామ లేచి లోపలి నుంచి ఒక పాత తోలుపట్టా తెచ్చాడు. వెడల్పైనది, తూటాల కోసం కుట్టిన అరలు ఇంకా ఉన్నాయి. అది ఏమిటో నాకు చూడగానే తెలిసింది, నోట మాట రాలేదు. దాన్ని బల్ల మీద పరచి, పంపు గొట్టం మూతిని దాని మీద ఆనించి, కత్తితో చుట్టూ కోసి, గుండ్రని ముక్క తీశాడు. నూనెలో ముంచి పంపులో బిగించాడు. రెండుసార్లు కొట్టి చూశాడు.

"తోలు మంచిదిరా," అన్నాడు. "ఇంకా పది పన్నెండు వస్తయి."

వచ్చాయి. మరో నాలుగైదేళ్ళు ఆ దుకాణంలో పంపులకు వాషరు కొనలేదు. ఆయన పోయిన తరువాత ఆ పట్టాలో మిగిలినది ఏమైందని నేను వెదకలేదు. మిగిలి ఉండదని నా నమ్మకం. గాండీవాన్ని నీటిలో వేయించడానికి అక్కడ ఒక దేవుడు దిగిరావలసి వచ్చింది. ఇక్కడ పంపు పాడైతే సరిపోయింది.

పరభాషలలో ఈ విషయం మీద దృష్టి పెట్టినవారు లేకపోలేదు. టోల్కీన్ గ్రంథం (1954-55) చివర ఉంగరాన్ని అగ్నిపర్వతంలో పోగొట్టి లోకాన్ని కాపాడిన ఫ్రోడో సొంత ఊరికి తిరిగివచ్చి కూడా అక్కడ ఇమడలేడు. మానని గాయంతో ఓడ ఎక్కి వెళ్ళిపోతాడు. అదీ ఒక విధమైన గుత్తికొండ బిలమే. నాకు ఇంకా నచ్చినవారు ఉర్సులా లె గ్విన్. మా అమ్మాయి తెచ్చిపెట్టిన పుస్తకాలలో ఇంగ్లీషు కష్టమైనా పట్టుపట్టి చదివాను. ఆమె సృష్టించిన గెడ్ అనే మహామాంత్రికుడు, 1972 నాటి నవలలో, బ్రతికినవారికీ చచ్చినవారికీ నడుమ తెరచుకున్న ద్వారాన్ని మూయడానికి తన శక్తినంతా ధారపోస్తాడు. తరువాత అతడు ఏమయ్యాడో చెప్పడానికి ఆమెకు పద్దెనిమిదేళ్ళు పట్టింది. 1990లో వచ్చిన టెహాను నవలలో గెడ్ పుట్టిన దీవికి చేరుకుంటాడు. ఒక చిన్న మంత్రం కూడా పలకలేడు. రాజు పంపిన మనుషులు సన్మానానికి పిలవడానికి వస్తే సిగ్గుతో దాక్కుంటాడు. కొండ మీద మేకలు కాస్తాడు. ఒక రైతు వితంతువు ఇంట పాలు పితకడం, పాత్రలు కడగడం నేర్చుకుంటాడు. మహామాంత్రికునికి ఇంత దుర్గతా అని అభిమానులు కొందరు నొచ్చుకున్నారట. దుర్గతి ఎక్కడున్నదో నాకు కనబడలేదు. మా కోట బురుజుల మీద మేకలు కాసేవాళ్ళతో అరగంట మాట్లాడితే వాళ్ళకూ కనబడేది కాదు.

వీటన్నిటికంటె పాతది గ్రీకుల ఒడిస్సియస్ కథ. ట్రాయి యుద్ధం పదేళ్ళు, ఇంటికి చేరడానికి మరో పదేళ్ళు. అంత చేసి ఇల్లు చేరినవాడు భార్యతో గడిపే తొలిరాత్రే ఒక మాట చెపుతాడు. ఇంకా ఒక ప్రయాణం మిగిలి ఉన్నది, పాతాళంలో టైరీసియస్ అనే జ్ఞాని చెప్పాడు అని. పడవ తెడ్డు ఒకటి భుజాన వేసుకొని సముద్రానికి దూరంగా, లోపలికి, ఇంకా లోపలికి నడవాలి. ఉప్పు ఎరుగని, పడవ చూడని మనుషులుండే చోటికి. ఎదురైన బాటసారి ఎవరో ఆ తెడ్డును చూసి, ధాన్యం తూర్పారబట్టే సాధనమనుకొని పలకరించిన చోట దాన్ని నేలలో పాతి, సముద్ర దేవతకు బలి అర్పించి వెనక్కు మరలాలి. అప్పుడుగాని అతని కథ ముగియదు. తన పేరు ప్రతిష్ఠలకు మూలమైన వస్తువు ఏ ఊళ్ళో ఎవరికీ అర్థం కాదో, ఆ ఊరికి నడిచి వెళ్ళాలి.

ఇది చదివినప్పుడల్లా నాకు ఆ ఊరు మా దేవరకొండే అనిపిస్తుంది. మెట్ట నేల, ఆముదాలు, జొన్నలు, రాళ్ళగుట్టలు. ఎటు చూసినా సముద్రపు జాడ లేదు. మా తాతల కాలంలో ఆయన ఇక్కడిదాకా వచ్చి ఉంటే, కల్లం దగ్గర గాలి కోసం ఎదురుచూస్తూ నిలబడిన ఏ ఆడమనిషో తలెత్తి, "ఏందన్నా గది, గంత పొడుగు చేట?" అని తప్పక అడిగి ఉండేది. ఇప్పుడు మాత్రం కుదరదు. డిండి జలాశయం వచ్చింది, నాగార్జునసాగరు వెనుకనీళ్ళు వచ్చాయి. వాటిలో చేపలు పట్టేవాళ్ళు మా అంగడికి వస్తారు. తెడ్డును చూసి చేట అనుకొనేవారు మా వైపు ఎవరూ మిగలలేదు. పాపం, ఆయన ఇంకా కొంతదూరం నడవవలసి ఉంటుంది.